సంతలో ఇల్లు కొన్న ఆదెమ్మ

ఆదెమ్మ కూతురింట్లో కాలు పెట్టిన తెల్లారే అడిగిందంట, "ఏమే, ఈ ఊళ్ళో మనుషులు యాడున్నారే?" అని. ఏ ఆదెమ్మ అంటావేంది రవణా, మన మంగళవారం సంతలో వంకాయలు రాశి పోసుకోని కూర్చునే ఆదెమ్మ. ఆమె కూతురు ప్రసూన హాలెండు దేశంలో ఉంది గదా, ఆస్పత్రిలో రక్త పరీక్షలు చేసే ఉద్యోగం. అల్లుడు మాల్యాద్రి పరాయోడేం కాదు, ఆదెమ్మ సొంత అన్న కొడుకే, ఆడ పాల ఫ్యాక్టరీలో మిషన్లు చూస్తాడు. పిల్లకి ఎనిమిదో నెల పడింది. పురిటికి కూతురు పుట్టింటికి రావటం మనం చూశాం గానీ, పుట్టిల్లే మూట కట్టుకోని ఇమానమెక్కి కూతురి కాడికి పోవటం ఎప్పుడన్నా ఇన్నామా? కాలం అట్టా వచ్చింది మరి. వాళ్ళుండేది ఊరి చివర అద్దెకొంప. కిటికీలోంచి చూస్తే పచ్చగడ్డి, గడ్డి అవతల కాలవ, కాలవ అవతల మళ్ళీ గడ్డి. పొద్దున అల్లుడు సైకిలెక్కి పోతే మళ్ళీ మాపటికే రావటం. ఆదెమ్మకి గుండె గుభేలుమందంట. ఎందుకంటే ఈమెని ఆడ ఉండనిచ్చేది తొంభై రోజులే. ఆ తర్వాత పచ్చి బాలింత, చంటిబిడ్డ, ఆ గడ్డి. "నేను పోయినాక ఇది అమ్మా అని అరిస్తే ఎవురికి ఇనపడుద్ది?" అని ఒకటే దిగులు. పైగా ఆ కొంప కూడా రెండు నెలల్లో ఖాళీ చెయ్యమన్నారంట.

కొనుక్కుందామని వాళ్ళు ఏడాదిగా తిరగతానే ఉన్నారు. ఆడ ఇల్లు కొనటం ఎట్టాగంటే, మన గొడ్ల సంతలో లాగా మొహాలు చూసుకోని బేరమాడటం కాదంట. ఇల్లు చూడాలి, ఇంటికొచ్చి ఎంతిస్తావో రాసి బ్రోకరుకి పంపాలి. ఎవురెంత రాశారో ఎవురికీ తెలవదు. మూగబేరం అనుకో. అట్టా తొమ్మిది ఇళ్ళకి రాశారు, తొమ్మిదీ చెయ్యి జారిపోయినయ్. మాల్యాద్రి చూసినయ్యన్నీ ఊరి చివరయ్యే, ప్రశాంతంగా ఉంటయ్యని. పదోది ఒకటి కంప్యూటర్లో కనపడితే, "ఇది సంత నడిబొడ్డున ఉందత్తా, మంగళవారం వస్తే చాలు ఒకటే గోల, మనకొద్దు" అని తోసేశాడు. సంత అన్న మాట చెవిన పడేసరికి ఆదెమ్మ పడుకున్నది లేచి కూర్చుంది. మంగళవారం సంతంట, అచ్చం మనకి మల్లేనే! "యాడరా, నాకు చూపిచ్చు. ఒరే మాల్యాద్రీ, బాలింతకి గోల కావాలి నాయనా. పిలిస్తే పలికే మనిషి కావాలి. ప్రశాంతం శ్మశానంలో గూడా ఉంటది" అన్నదంట. మేనత్త మాట, తీసెయ్యలేడు గదా, సరే పదమన్నాడు.

గురువారం పోయారు ముగ్గురూ. రాళ్ళు పరిచిన మైదానం, నాలుగు పక్కలా ఇళ్ళు, ఒక మూల గంట గోపురం. ఇల్లేమో అగ్గిపెట్టె నిలబెట్టినట్టు సన్నంగా, ఎత్తుగా ఉందంట. లోపల పేరుకి మెట్లు గానీ నిచ్చెనే అనుకో. మంచాలూ బీరువాలూ ఆ మెట్ల మీద పట్టవు, అందుకని ఇంటి నెత్తిన ఒక ఇనప కొక్కెం ఉంటది, దానికి తాడేసి మంచాన్ని కిటికీలోంచి పైకి లాగుతారంట. నవ్వబాకండే, నా మీద ఒట్టేసి చెప్పింది ఆదెమ్మ. ఇల్లుగలామె ఒక ముసలామె. కొనేవాళ్ళు వచ్చినప్పుడు ఇంటోళ్ళు ఉండకూడదని బ్రోకరు ఆమెని బయటికి పొమ్మన్నాడంట. "మోకాళ్ళు నెప్పి, నేను యాడికీ పోను, నా కుర్చీలో నేనుంటా" అని కిటికీ కాడే కూర్చుంది. ఆమె పేరు ఖేర్చే అనో ఏందో, గొంతులోంచి కాండ్రించినట్టు పలకాలంట. మనకి నోరు తిరగదు, గీరమ్మ అనుకుందాం. గీరేం లేదులే పాపం. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, ఆ నిచ్చెన ఎక్కలేక నాలుగేళ్ళుగా కింద గదిలోనే పడుకుంటంది. ఇంక చాతగాక, రెండు వీధులవతల ముసలోళ్ళుండే చోట ఒక గది తీసుకోని ఇల్లు అమ్మకానికి పెట్టింది.

చూడటం అయింది, లేచారు. ఇప్పుడు ఏమైందంటే, మనం ఎవురింట్లో నుంచన్నా లేస్తే ఏమంటాం? పోతా అంటామా? అనం, అశుభం. పోయొస్తా అంటాం. ఆదెమ్మ గూడా ముసలామె చెయ్యి పట్టుకోని "పోయొస్తానమ్మా" అన్నది. ఏమంటంది మీ అమ్మ, అని గీరమ్మ అడిగింది. ప్రసూన నిండు కడుపుతో నిలబళ్ళేకుండా ఉంది పాపం, ఉన్నమాట ఉన్నట్టు వాళ్ళ భాషలోకి మార్చేసింది, ఇప్పుడు పోయి మళ్ళీ వస్తానంటంది అని. గీరమ్మ కళ్ళజోడు పెట్టుకోని, పక్కనున్న డైరీ తీసి, "ఎప్పుడు?" అన్నదంట. చూడండి! నాకు డెబ్బై ఏళ్ళొచ్చినయ్, పోయొస్తానంటే ఎప్పుడని అడిగిన మనిషిని నేను చూళ్ళా. వాళ్ళ దేశంలో ముందు చెప్పి, రాయిచ్చుకోని గానీ ఒకరి గడప ఒకరు తొక్కరంట, తోడబుట్టినోళ్ళయినా సరే. ఆదెమ్మ తికమకపడి నోటికొచ్చింది అనేసింది, సంత రోజున అని. గీరమ్మ రాసుకుంది. మంగళవారం, పది గంటలు, ఆదెమ్మ.

దార్లో మాల్యాద్రి నెత్తి కొట్టుకున్నాడంట. "ఏందత్తా ఇది, మాటవరసకి అన్నదానికి రోజు చెప్పొస్తావా? మనం కొంటామో లేదో తెలవదు, మళ్ళీ పోతే ఇల్లు కోసం కాకా పడతన్నామనుకుంటారు" అన్నాడు. "అనుకుంటే అనుకోనీరా, రాసుకున్నది గదా తల్లి, ఎదురు చూడదా?" అన్నది ఆదెమ్మ. వీళ్ళు ఎంతియ్యగలరో అంత రాసి పంపారు. మంగళవారం ప్రసూన అమ్మని బస్సెక్కిచ్చింది. దిగేసరికి సంత! గుండ్రటి బండలంతేసి జున్నుముద్దలు, చేపలు, బుట్టలకి బుట్టలు పూలు. ఒకడి దగ్గర వంకాయలు కనపడితే ఈమె చెయ్యి ఊరుకోదు గదా, నాలుగు నొక్కి చూసింది. ముట్టుకోబాకమ్మా అని వాడు కేకలేశాడంట. "నలభై ఏళ్ళుగా నా కాడ నొక్కి చూడకుండా వంకాయలు కొన్నోళ్ళు లేరు, నేను అరిచానా" అని నాతో ఇప్పటికీ అంటది. గీరమ్మ రెండు కప్పులు బల్ల మీద పెట్టుకోని కిటికీలోంచి చూస్తానే ఉందంట. కాఫీ పోసింది, డబ్బా మూత తీసి ఒక్క బిస్కెట్టు ఇచ్చింది, మూత పెట్టేసింది. రెండోది ఇయ్యలా. అది వాళ్ళ మర్యాదంట, మనం తప్పు పట్టకూడదు. భాష లేదు. ఈమె తెలుగులో చెప్తే ఆమె ఆమె భాషలో చెప్తంది, ఇద్దరూ తలకాయలూపుతన్నారు. ఆమె మోకాలు పట్టుకోని మూలిగేసరికి ఆదెమ్మ సంచిలో నుంచి ఆముదం సీసా తీసింది, తన మోకాళ్ళకని ఎప్పుడూ ఉంచుకుంటది గదా. కింద కూర్చోని, ఆమె కాలు ఒళ్ళో పెట్టుకోని, అరగంటసేపు ఆముదం పట్టింది. మొదట బిగదీసుకున్న ముసలామె కాసేపటికి వదులైపోయి, కళ్ళ నీళ్ళు పెట్టుకుందంట. మనిషి చెయ్యి తగిలి ఎన్నేళ్ళయిందో ఆ తల్లికి.

శుక్రవారం బ్రోకరు కబురు చేశాడు. ఏడుగురు రాశారు, మీది మూడోది, ఇల్లు ఇంకొకరికి పోయింది అని. ప్రసూన గోడకి మొహం పెట్టుకోని ఏడ్చింది. మాల్యాద్రి అన్నం తినలా. ఆదెమ్మ మాత్రం మంగళవారం పొద్దున్నే తల దువ్వుకోని సంచి తగిలిచ్చుకుంది. "యాడికే? ఇల్లు పోయింది గదమ్మా" అంటే, "ఇల్లు పోతే మనిషి పోయిందా? పోయినసారి వచ్చేటప్పుడు మళ్ళీ మంగళవారం అని రాసుకుంది" అని బస్సెక్కేసింది. తలుపు తీసిన గీరమ్మ బిత్తరపోయిందంట. రాదనుకుంది మరి. ఈమె చక్కగా లోపలికి పోయి, కింద కూర్చోని, ఏదీ కాలియ్యి అన్నట్టు చెయ్యి చాపింది. గీరమ్మ ఫోన్ తీసి ప్రసూనకి చేసింది, "మీ అమ్మకి ఇల్లు రాలేదని తెలవదా?" అని. ప్రసూన అడిగితే ఆదెమ్మ ఏమన్నదో తెలుసా? "తెలవకేం. ఆముదం రెండోసారి పట్టకపోతే మొదటిసారి పట్టింది దండగని చెప్పవే." ప్రసూన చెప్పింది. తర్వాత గీరమ్మ ఇంకో నెంబరు నొక్కింది. బ్రోకరుకి. సంతకాలు ఇంకా కాలేదు. ఎక్కువిస్తానన్నోళ్ళని కాదంటావా, మతుండే మాట్లాడతన్నావా అని వాడు గోలపెట్టాడంట. "ఇల్లు నాది, మోకాళ్ళు నావి. ఈమె కూతురికే ఇస్తన్నా" అన్నదంట. ప్రసూన ఆ సాయంత్రం చెప్తా చెప్తా నవ్విందో ఏడ్చిందో తెలవలేదంట ఆదెమ్మకి.

తాళాలు చేతికొచ్చిన ఎనిమిదో రోజున ఆడపిల్ల పుట్టింది. గీరమ్మ తన గదికి పోయింది గానీ, కుర్చీ మాత్రం ఆ కిటికీ కాడే ఉంచారు. ప్రతి సంతకీ వచ్చి కూర్చుంటది. తొంభయ్యో రోజున ఆదెమ్మ ఏడ్చుకుంటా ఇమానమెక్కింది. వచ్చినాక రెండు నెలలు ఆమె మన మనిషి కాదనుకో, వంకాయలు తూస్తా తూస్తా ఆకాశం వంక చూసేది. ఒక మంగళవారం మద్యానం నేను ఆమె ఎదురుగానే ఉన్నా, సంచి పట్టుకోని. ఫోన్ మోగింది. ప్రసూన. ఏమైందంటే, మేడ మీద పాపకి పాలు పొరబోయి ఊపిరాడక మొహం నల్లబడిందంట. మాల్యాద్రి పనిలో ఉన్నాడు. దీనికి కాళ్ళూ చేతులూ ఆడక, కిటికీ తీసి "అమ్మా!" అని అరిచింది. తెలుగులోనే అరిచింది. కింద కుర్చీలో ఉన్న గీరమ్మ, నాలుగేళ్ళుగా ఎక్కని ఆ నిచ్చెన, చేతులూ మోకాళ్ళూ ఆనిచ్చుకుంటా పాక్కుంటా ఎక్కేసిందంట. బిడ్డని లాక్కోని, బోర్లా తిప్పి ముంజేతి మీద ఏసుకోని వీపు మీద చరిచింది. చరిస్తే పాలు కక్కి కేరుమంది పిల్ల. ఆ వెనకాల్నే చేపలోడు కత్తి చేతిలో పట్టుకోని, పూలామె, జున్ను అమ్మేవాడు, అందరూ మెట్ల మీద బారు కట్టేశారు. డాక్టరు గూడా వచ్చి చూసి భయం లేదన్నాడంట. "అమ్మా, ఇంట్లో నుంచోటానికి చోటు లేదే, సంతంతా మేడెక్కింది" అని ప్రసూన వెక్కతా చెప్తంటే, ఫోన్లోంచి ఆ గోల నాకు గూడా ఇనపడింది. ఆదెమ్మ కొంగు నోట్లో కుక్కుకోని ఒకటే ఏడుపు, ఏడుపులోనే నవ్వు. నా సంచి లాక్కోని, తూకం లేదు పాడు లేదు, రెండు చేతులా వంకాయలు ఎత్తి పోసేసింది, పో అక్కా డబ్బులొద్దు పో అంటా. ఇంటికి తెచ్చి కోస్తే నాలుగు పుచ్చులు. నేనేం అనలా.