మూడో సంతకం

ఫాదర్ గారికీ, రెజీన్ కూతురు జినెట్‌కీ, బూట్ల ఫ్యాక్టరీలో మాతో పనిచేసిన మీ అందరికీ నమస్కారం. ఇంత మంచు పడుతున్నా హాలు నిండిపోయింది. రెజీన్ ఊలెట్ ఉండి ఉంటే తలుపు దగ్గర నిలబడి, "బూట్లు దులుపుకుని రండర్రా, తుడిచేది మీ అత్తగారు కాదు" అని కసిరేది. ఇవాళ ఆ కసిరే మనిషే లేదు. నా మోకాళ్ళు సహకరించవు. కూర్చునే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

ఇరవై రెండేళ్ళు ఆమె పక్క బెంచీలో కూర్చుని బూట్లు కుట్టాను నేను, ఈ ఆర్మాండ్‌ని. రెండు సూదులతో చేత్తో కుట్టే పని. ప్రతి కుట్టుకీ దారం లాగడానికి రెండు చేతులూ బారెడు చాపాలి. నా మోచెయ్యి కాస్త దగ్గరకొస్తే చాలు, "ఏరా, నా ముక్కు కూడా కుట్టేస్తావా?" అనేది. ఏ కుట్టు ఎవరిదో కళ్ళు మూసుకుని వేలితో తడిమి చెప్పేది. నమ్మనివాళ్ళు ఈ హాల్లో ఎవరైనా ఉన్నారా?

ఓ మార్చి నెలలో మొదటి విడతగా పన్నెండు మందిని పనిలోంచి తీసేశారు. అందులో రెజీన్ ఉంది. ఆర్డర్లు తగ్గాయి, మళ్ళీ పిలుస్తాం అంది కంపెనీ. మనం నమ్మాం. ఎందుకు నమ్మం? మన తాతలు కూడా ఆ గేటులోంచే పనికి వెళ్ళారు. ఆమె మాత్రం మరుసటి ఫిబ్రవరిలో దుకాణానికి వెళ్ళి, మన కంపెనీ బూట్లే ఒక జత కొని, ఇదే హాల్లో ఈ బల్ల మీద పెట్టింది. పెట్టె మీద మన ఊరి పేరే ఉంది, బూటు అడుగుభాగం ఇక్కడే అతికించారు మరి. పైభాగం కుట్టు మీద వేలు పెట్టి, "ఈ చెయ్యి మనలో ఎవరిదీ కాదర్రా. సముద్రం అవతల ఎవరో ఎడమచేతి వాటం పిల్లది. పాపం, బాగా కుట్టింది" అంది. మన పని ఎవరి చేతికి పోయిందో ఆ మనిషిని కూడా తిట్టలేదు.

విదేశీ సరుకు వల్ల పని పోయినవాళ్ళకి ప్రభుత్వం చదువు చెప్పిస్తుంది, చదువుకున్నన్నాళ్ళూ ఇల్లు గడవడానికి భత్యం ఇస్తుంది. దానికి అర్జీ పెట్టాలి. అర్జీ మీద ముగ్గురు పనివాళ్ళు సంతకం చేయాలి. రెజీన్ చేసింది. అప్పటికింకా పనిలో ఉన్న క్లాడెట్ ధైర్యంగా చేసింది. మూడో మనిషి దొరకలేదు. సంతకం పెడితే మళ్ళీ పిలవరని పని పోయినవాళ్ళకి భయం, ఉన్నది ఊడుతుందని పనిలో ఉన్నవాళ్ళకి భయం. నా దగ్గరకి మూడుసార్లు వచ్చింది. బీన్స్ వండి గిన్నెతో సహా తెచ్చింది. "త్వరగా తేల్చరా, దీనికో గడువుంది" అంది. గడువేమిటని నేను అడిగానా? అడగలేదు. "మంచు కరగనీ రెజీన్, చూద్దాం" అన్నాను. మంచు కరిగింది. నా పనీ పోయింది. అప్పుడు చేశాను సంతకం.

అర్జీ ఒప్పుకున్నారు. క్లాడెట్ నర్సయింది. నేను హీటర్ల పని నేర్చుకున్నాను. ఈ హాలు ఇవాళ వెచ్చగా ఉందంటే ఆ చదువు వల్లే. కానీ నర్సు కావాలని అందరికంటే ముందు ఆశపడింది ఎవరు? నర్సింగ్ కాలేజీవాళ్ళ ప్రకటన ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్నది ఎవరు? రెజీన్. సాయం అందేవాళ్ళ జాబితాలో ఆమె పేరు లేదు. అర్జీ పెట్టేనాటికి పని పోయి ఏడాది దాటిన వాళ్ళకి ఆ సాయం వర్తించదు. ఆమె పని పోయి ఏడాది మీద ఎనిమిది రోజులైంది. ఎనిమిదంటే ఎనిమిదే రోజులు! అది తెలిసి కూడా ఆ అర్జీ తనే తీసుకెళ్ళి పోస్టులో వేసింది, మనకోసం.

జినెట్, మీ అమ్మ పేరెందుకు రాలేదని నన్ను ఒకసారి అడిగావు. ఆఫీసువాళ్ళ పొరపాటమ్మా అన్నాను. అబద్ధం. నా వల్లే రాలేదు. ఆ మొదటి విడతలో మిగతా పదకొండు మందికీ అంతే. మిమ్మల్ని క్షమించమనడానికి నాకు ముఖం చెల్లదు. నేను ఏడుస్తూ వెళితే రెజీన్, "నీ పేరుంది కదరా, వెళ్ళి క్లాసులో కూర్చో. ఏడ్చేవాడికి పాఠం ఎక్కదు" అంది. ఆలస్యం నా వల్లేనని తను ఎవరికీ చెప్పలేదు. దారం లాగీ లాగీ వంకరపోయిన వేళ్ళతో పద్నాలుగేళ్ళు వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతికింది. ఆఖరి రోజున అదే ఆశ్రమంలో, క్లాడెట్ నర్సు బట్టల్లో పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. లోపలికి అడుగు పడలేదు.

ఇప్పుడు మనమంతా లేచి, రెండు నిమిషాలు మౌనంగా నిలబడాలి. ఆనాడు అందరికంటే ఆఖరున సంతకం పెట్టినవాణ్ణి నేను. జినెట్, ఒకసారి చెయ్యి అందించమ్మా. ఇవాళ ముందు నేను లేస్తాను. బెంచీల దగ్గర ఉన్నట్టే, పక్కవాళ్ళకి మోచెయ్యి తగలనంత ఎడంగా నిలబడండి. నా ఎడమపక్కన మాత్రం ఎవరూ నిలబడకండి. అది రెజీన్ చోటు.