పేరు లేని మాత్ర

విదేశంలో, వాటర్లూ అనే ఊళ్ళో ఒక అద్దె ఇంటి బేస్‌మెంట్. మధ్యాహ్నం. బట్టలుతికే గది తలుపుకి లోపల గడియ పెట్టి ఉంది. లోపల ఇద్దరే ఉన్నారు: రేవంత్, దీక్షిత్.

"గోలీ పేరు చెప్పు దీక్షిత్."

"ముందు కాలర్ వదులు. ఊపిరాడట్లేదు రేవంత్."

"దవఖానల మన రూమ్ క్రిస్టోగానికి గూడ ఆడ్తలేదు. ముక్కుకు గొట్టం వెట్టిండ్రు. పేరు చెప్పు."

"ఏం గోలీ? నేనేం గోలీ ఇచ్చాను వాడికి?"

"ఏమిచ్చినవా? ఏమిచ్చినవా?"

"అబ్బా! డ్రయర్‌కేసి కొడతావేంట్రా! తల పగుల్తుంది!"

"పగలనీ."

"రక్తం రా... చూడు, రక్తం వస్తోంది."

"చూసిన. పొద్దుగాల వాడు కక్కుకున్నది గూడ రక్తమే. నేనే ఎత్తుకపోయి అంబులెన్స్ ఎక్కిచ్చిన. కండ్లు సూస్తే పసుపు పూసినట్టున్నయ్. స్టెఫీ అక్క మిల్టన్ నుంచి కారేస్కొని ఉరికొచ్చింది. సొంత అక్కను గుర్తు పడ్తలేడంట వాడు. లివర్ ఖరాబైంది, ఏదో మందు వల్లనే అన్నడంట డాక్టర్. మరి ఈ బేస్‌మెంట్ల మందులు పంచేటోడు ఎవడు? నువ్వే గదా, బీఫార్మసీ సాబ్?"

"అందరికీ ఇచ్చాను. వాడొక్కడికేనా? జ్వరానికి ఇచ్చా, విరేచనాలకి ఇచ్చా. అప్పుడెవడూ నా పీక పట్టుకోలేదే?"

"తామరకేమిచ్చినవ్?"

"ఆయింట్‌మెంట్."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"ఇంకా!"

"లేదన్నానా! ఆ పార కింద పెట్టు. రేవంత్, పార కింద పెట్టు. మంచు తీసే పారతో మనిషిని కొడతావా? పైన ఓనర్ ఉన్నాడు, వింటాడు."

"ఇననీ. మరి గీ గోలీల పట్టీ ఏంది? వాని దిండు కింద దొర్కింది. జూడు మంచిగ. గోలీలున్న ముక్క ఉంది, పేరున్న ముక్క లేదు. కత్తిరించినవ్. ఎవ్వనికి దొర్కొద్దని కావాలనే కత్తిరించినవ్."

"కావాలని కాదురా బాబూ! మన ఊళ్ళో మెడికల్ షాపు వాడు ఎట్లా ఇస్తాడు? నాలుగడిగితే కత్తెర పెట్టి నాలుగు కత్తిరించి ఇస్తాడు. మనకి అదే అలవాటు. అక్కడి నుంచి కొత్తగా వచ్చేవాళ్ళ సూట్‌కేసుల్లో తెప్పిస్తాం, బరువెక్కుతుందని అట్టపెట్టెలు, కాగితాలు అక్కడే పారేస్తారు. ఇక్కడికొచ్చాక మళ్ళీ నీకింత నాకింత అని కత్తిరిస్తాం. నీకూ అట్లానే ఇచ్చాగా? నువ్వు పేరడిగావా? ఒక్కడైనా అడిగాడా?"

"ఇప్పుడు అడుగుతున్న. డాక్టర్ అడుగుతుండు. అక్క ఫోన్ల ఏడ్చుకుంట అడుగుతుంది, ఏం తిన్నడు తమ్ముడూ, పేరు చెప్పు తమ్ముడూ అని. నాకు తెల్వది. నీకు తెల్సు. తెల్సి గూడ నోరు మూస్కొని నిల్సున్నవ్."

"చెప్తే ఏమవుతుందో తెలుసా నీకు? ఇక్కడ ఫార్మసిస్ట్ పరీక్షకి అప్లై చేశాను. లైసెన్స్ లేకుండా ప్రిస్క్రిప్షన్ మందులిచ్చాడని నా పేరు మీద ఒక్క ముక్క పడితే ఇక అంతే. ఈ కాలేజీ, ఈ గోదాం షిఫ్టులు, ఇన్నాళ్ళూ పడ్డది ఎందుకు రా? దాని కోసమేగా?"

"వాడు సస్తే?"

"చావడు."

"సస్తే?"

"చావడు! అట్లా అనకు!"

"వేళ్ళు వెట్టు."

"ఏంటి?"

"గీ వాషింగ్ మిషన్ల వేళ్ళు వెట్టు. మూత నేనేస్త. పరీక్ష ఏ చేత్తో రాస్తవో జూస్త."

"రేవంత్, వద్దు. వద్దురా. మామా, ప్లీజ్... అమ్మా!"

"పేరు."

"టెర్బినాఫిన్! టెర్బినాఫిన్ రా! వదులు, విరిగింది, వేలు విరిగింది..."

"ఎంత ఇచ్చినవ్?"

"రోజుకొకటి. ఒక్కటే. అన్నం తిన్నాక వేసుకోమన్నా. మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దన్నా. బీరు ముట్టుకోవద్దన్నా. ఆకలి పోయినా, ఒళ్ళు తూలినా, యూరిన్ టీ డికాషన్ లాగా వచ్చినా ఆ క్షణమే ఆపేసి నాకు చెప్పమన్నా. ఒకటికి పదిసార్లు చెప్పాను వాడికి. దేవుడి మీద ఒట్టు."

"రక్తపరీక్ష? మొదలువెట్టే ముందు లివర్‌కు పరీక్ష చెయ్యాలంట గదా. అక్క చెప్పింది. చేపిచ్చినవా?"

"ముందు నా వేలు చూడరా, వాచిపోతోంది."

"చేపిచ్చినవా బే?"

"లేదు."

"ఎందుకు?"

"అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్ళే వాకిన్ క్లినిక్‌లో పూటంతా కూర్చోవాలి. షిఫ్ట్ పోతుందన్నాడు. పోతే పోయింది పదరా అనాల్సింది. అనలేదు. సర్లే, చిన్న వయసు, ఏమవుతుందిలే అనుకున్నా. అదొక్కటీ నా తప్పే. దానికి కొట్టు, పడతాను."

"ఎవని పెర్మిషన్ కావాల్రా నాకు నిన్ను కొట్టనీకి?"

"అబ్బా... కడుపులో కాదురా... ఒరేయ్..."

"లే. లేచి నిలబడు. ఏడ్వకు. నాకెట్లుంటదో తెల్సా నీకు? రెస్టారెంట్ కిచెన్ల మేనేజర్ నా చెయ్యి పట్టుకొని అందరి ముందు ఎత్తి చూపెట్టిండు. గీ గుండ్రటి మచ్చలేంది, నువ్వు పిండి ముట్టుడేంది, పో అన్నడు. కుక్కను ఎల్లగొట్టినట్టు ఎల్లగొట్టిండు. ఎవని వల్ల? క్రిస్టోగాని వల్ల. ఒక్కటే పరుపు మా ఇద్దరికి. పగలు నేను, రాత్రి వాడు. వాడు లేస్తే నేను పండాలె, నేను లేస్తే వాడు పండాలె. తామరుందని ఒక్క ముక్క చెప్పిండా? సిగ్గంట! సిగ్గుకు నా కొలువు పోగొట్టిండు."

"అందుకేగా మాత్రలిచ్చింది. ఆయింట్‌మెంట్‌కి లొంగలేదు, ఇద్దరికీ ఒకేసారి తగ్గకపోతే ఒకడి నుంచి ఒకడికి తిరుగుతూనే ఉంటుందని నీకూ ఇచ్చాను, వాడికీ ఇచ్చాను. ఒరేయ్ ఆగు. ఆగు ఒక్క నిమిషం."

"ఏంది?"

"నువ్వూ వేసుకున్నావ్."

"ఏస్కున్న. అయితే?"

"అదే మాత్ర. అదే సూట్‌కేసులోది. రోజుకొకటి. నీకేమైంది?"

"నాకేమైతది? మంచిగనే ఉన్న."

"అదేరా నేననేది! ఈ మందుతో కూడా లివర్ పాడవుతుంది, కాదనను, ఒకడికి పడి ఒకడికి పడకపోవచ్చు. కానీ ఇట్లా ఉన్నపళంగా మనిషిని తెలివి లేకుండా పడేయడం చాలా అరుదు. వాడు దీంతోపాటు ఇంకేదో వేసుకున్నాడు."

"ఏమేస్కుంటడు? ఏం లేదు."

"నీకెట్లా తెలుసు?"

"నాకు తెల్సు. ఏం లేదు. నీ తప్పు కప్పిపుచ్చుకోకు."

"కప్పిపుచ్చట్లేదు, ఆలోచిస్తున్నా. మొన్న చర్చిలో వాడు అసలు కూర్చోలేదంట. పాటలయ్యేదాకా గోడకి చెయ్యి పెట్టుకుని నిలబడే ఉన్నాడని వాడితో చర్చికెళ్ళిన మన క్లాసు వర్ష చెప్పింది. నాకూ కనిపించాడు, చొక్కా తొడుక్కోవడానికి చెయ్యి పైకెత్తలేకపోయాడు. ఏంట్రా అంటే మెట్ల మీద ఐస్ ఉంది, జారానన్నాడు. అంత నొప్పి ఉన్నోడు ఊరికే ఉంటాడా? పెయిన్ కిల్లర్ ఏదైనా..."

"నోర్మూయ్."

"పారాసెటమాల్ లాంటిది ఎక్కువగా..."

"నోర్మూయ్ అన్న!"

"అది ఎక్కువైతే లివర్‌కి విషం రా! దానికి వేరే మందు ఎక్కించాలి! హాస్పిటల్ వాళ్ళకి చెప్పాలి! నువ్వేమైనా చూశావా?"

"సూడలే! మాట మారుస్తవా? నీ గోలీలతోటే! నీ గోలీలతోటే అయింది! చెప్పు! నా గోలీలతోటే అయిందని చెప్పు!"

"అమ్మా... పారతో... చెయ్యి... రేవంత్, చంపేస్తావా..."

"చెప్పు! అక్కకు ఫోన్ చేసి చెప్పు, నేనే చంపిన అని చెప్పు! చెప్తవా ఇంకోటెయ్యాల్నా?"

"రా. దగ్గరికి రా, చెప్తా. రా... ఇంద!"

"ఏయ్! కండ్లు! నా కండ్లు! ఏం పోసినవ్ రా?"

"బట్టల సబ్బు. సీసా మొత్తం. పార వదులు. వదులు! ఇప్పుడు నేను కొడతా, ఎట్లా ఉంటుందో చూడు!"

"కండ్లు మండుతున్నయ్ రా... నీళ్ళు... నల్లా ఏడుంది..."

"వెతుక్కో. ఇదీ ఒకటి వేసుకో. ఇది నా వేలికి. ఇది..."

"దీక్షిత్! ఫోన్! ఫోన్ మోగుతుంది. నా జేబుల. నాకు కనబడ్తలేదు. ఎవలు?"

"... స్టెఫీ అక్క."

"ఎత్తు. స్పీకర్ల వెట్టు."

"హలో అక్కా. నేను దీక్షిత్‌ని."

"దీక్షిత్, నాయనా, ఎందుకట్లా రొప్పుతున్నావ్? ఏంటా గోల?"

"ఏం లేదక్కా. క్రిస్టోకి ఎట్లా ఉంది?"

"కళ్ళు తెరవట్లేదు. ఇందాక అమ్మా అన్నాడు ఒకసారి, అంతే. ప్రభువే కాపాడాలి. రేవంత్‌ని అడిగాను ఏదో మాత్ర పేరు, కనుక్కుంటానన్నాడు."

"టెర్బినాఫిన్ అక్కా. ఫంగల్ ఇన్ఫెక్షన్‌కి. నేనే ఇచ్చాను. రోజుకొకటి. లివర్ టెస్ట్ చేయించకుండా ఇచ్చాను. డాక్టర్‌కి నా పేరు కూడా చెప్పండి. నా నంబర్ ఇవ్వండి, నేనే మాట్లాడతా."

"నువ్వా? నువ్వేనా? వాడు నిన్ను అన్నా అన్నా అని... సరే. సరే నాయనా. తర్వాత చూద్దాం అవన్నీ. ఉండు, నర్సుకి చెప్తాను... ఆఁ, చెప్పాను, ఆవిడ వెళ్ళింది డాక్టర్ దగ్గరికి. దీక్షిత్, ఇంకొకటి అడగాలి. స్కానింగ్ తీశారు వాడికి. పక్కటెముకలు విరిగి ఉన్నాయంట."

"జారిపడ్డాడక్కా, మెట్ల మీద ఐస్‌లో."

"నాకూ అదే చెప్పాడు ఫోన్లో. కానీ చొక్కా విప్పి చూపించారయ్యా. వీపంతా కమిలిపోయి ఉంది. బూటు అచ్చుంది నాయనా, నా తమ్ముడి వీపు మీద. అడుగు గీతలతో సహా కనపడుతోంది."

"నాకు తెలీదక్కా. ఒట్టు, నాకు తెలీదు. నేను గోదాంలో ఉంటాను ఎప్పుడూ."

"ఎవరు తన్నారో నాకిప్పుడు వద్దు. తర్వాత ఆ దేవుడు చూసుకుంటాడు, పోలీసులు చూసుకుంటారు. అంత నొప్పికి పిల్లాడు ఏం మింగాడో, అది కావాలి నాకు. రక్తంలో చూస్తే సరిగ్గా తేలట్లేదంట. పారాసెటమాల్ అయితే విరుగుడు ఇప్పుడే ఎక్కించడం మొదలుపెడతామంటున్నారు, ఎంత ఆలస్యమైతే అంత కష్టమంట. తామర మాత్ర వల్లే అయితే దారి వేరంట. ఇంట్లో వాళ్ళని అడుగమ్మా, ఎంత చిన్న విషయమైనా చెప్పమని డాక్టర్ వచ్చి నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఏమైనా చూశారా మీరు? ఏదైనా డబ్బా, సీసా?"

"నేను చూడలేదక్కా. రేవంత్... నిన్నేరా. అక్క అడుగుతోంది."

"రేవంత్ అక్కడే ఉన్నాడా?"

"ఉన్నాడక్కా. కళ్ళలో సబ్బు పడింది."

"రేవంత్, తమ్ముడూ. మీ ఇద్దరిదీ ఒకటే పరుపు కదయ్యా. వాడు నొప్పితో మూలుగుతుంటే నువ్వే కదా చూసేది. నీకేమైనా తెలుసా? మాట్లాడవేంటి? డాక్టర్ వెళ్ళిపోతాడయ్యా. రేవంత్!"

"రేవంత్, నీ బూట్లు అట్లా వెనక్కి నెట్టకు. నాకు కనిపిస్తూనే ఉన్నావ్. మాట్లాడు."

"అక్కా... పారాసెటమాలే. పెద్ద సీసా, నేనే కొని వాని చేతిల వెట్టిన. దవఖానకు పోతే ఎవడు తన్నిండని అడుగుతరని, ఒకటికి తగ్గకపోతే రెండు, రెండుకు తగ్గకపోతే నాలుగు మింగుమన్నది గూడ నేనే."