కె.వై. సారుకి తొమ్మిది

రామచంద్రపురంలో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీ, 2003. వారం కిందటే కుర్చీ ఎక్కిన కరస్పాండెంటు సత్యప్రసాద్ ఎదుట లెక్కల లెక్చరర్ యెహెజ్కేలు నిలబడి ఉన్నాడు. కూర్చోమన్న పాపాన ఎవరూ పోలేదు.

“పదికి మూడండీ యెహెజ్కేలు గారూ. నేనేసిన మార్కులు కావు, లెక్చరర్ల మీద అభిప్రాయం రాయమని ఫారాలిస్తే పిల్లలేసినవి.”

“ఒక్కసారి క్లాసుకొచ్చి చూడండి సార్. ఒక్క పీరియడు.”

“చూడ్డానికేముందండి, ఇదిగో వినండి. ‘మాట అర్థం కాదు.’ ‘బోర్డు మీద రాత బాగోదు.’ ‘డౌటడిగితే విసుక్కుంటారు.’”

“నేనా? నేను విసుక్కుంటానా?”

“ఇంకా చదవమంటారా?”

“వద్దండి... ఏ క్లాసండి అది?”

“సెకండియర్ ఎంపీసీ. లెక్కలకి ఇద్దరెందుకు, తక్కువొచ్చినాయన్ని పంపేయమన్నారు ఛైర్మన్ గారు.”

“సార్, ఏడేళ్ళ నుంచీ ఇక్కడే చేస్తున్నాను. ఇదొక్కటే ఆధారం సార్. ఇంటికెళ్ళి ఏం చెప్పను? పరీక్షలయ్యేదాకా అన్నా ఉండనివ్వండి, మీ కాళ్ళు పట్టుకుంటాను.”

“అయ్యో, అలా అనకండి. మీ తోటాయన్ని చూసైనా నేర్చుకోవాల్సిందండి. కె.వై. గారంట. తొమ్మిదొచ్చాయి. ‘మా సారు దేవుడు’ అని రాసిందో అమ్మాయి.”

“ఎవరన్నారు?”

“కె.వై. గారు. ఏం, తెలీదా?”

“మరి ఆ ఇద్దరూ ఎవరండి?”

“అదే, ఆయనా మీరూను.”

“కె.వై. అంటే నేనేనండి.”

“మీరా?”

“చేరిన రోజే అప్పటి కరస్పాండెంటు, మీ బావగారు అన్నారండి, పూర్తి పేరెందుకులే మాష్టారూ, పొడి అక్షరాలు చాలు అని. అప్పట్నుంచి టైమ్‌టేబుల్లో అదే, స్టాఫ్‌రూములో అదే.”

“అంటే, యెహెజ్కేలు ఎవరో పిల్లలకి...”

“తెలీదండి. వాళ్ళ లెక్కన ఆ మనిషిని ఒక్కరోజు కూడా చూళ్ళేదు.”

“చూడని మనిషికి మూడేశారా?”

“రాత బాగోదని కూడా రాశారు కదండి.”

“సరే. సరేనండి. అయిందేదో అయింది. ఈ పేరు కొట్టేద్దాం. మీరు కె.వై. గారిగానే ఉండండి, ఉద్యోగానికేం ఢోకా లేదు, ఎవరికీ తెలీనక్కర్లేదు. ఇంతకీ ఫారంలోకి ఈ రెండో పేరెలా ఎక్కింది? గుమస్తా చిట్టియ్య పనేనా?”

“అతన్నేం అనకండి. పాతది తీసేసి పూర్తి పేరు పెట్టమన్నాను. పాతది తియ్యకుండా కింద ఇది చేర్చాడు, అంతే.”

“మీరే చెప్పారా? ఎందుకండి?”

“పిల్లలు ఇంత ప్రేమగా చూస్తున్నారు కదా, ఇంక నా పేరు చెప్పుకోవచ్చు అనుకున్నానండి.”