సారె బండికి కొత్త బుర్ర

మునెమ్మవ్వకు మనవడికంటే మనవడి బండి మీదే ఎక్కువ ప్రేమంట. గంగులప్ప అన్నం తినకుండా పోతే పోనీలే అనేది గానీ, బండి సీటు మీదికి కోడి ఎక్కిందంటే మాత్రం కర్రెత్తుకోని వాకిట్లోకి పరిగెత్తేది. డెబ్బై రెండేళ్ళ మనిషి, పరుగు చూడాల మీరు! ఎందుకంత ప్రేమ అంటారా, చెప్తా, తొందరపడాకండి. ఆ ఊరు గుట్టకిందపల్లి. ఆ ఊరి చౌడమ్మకు పుట్టిల్లు ఏటికి అవతలుండే ఏటిగడ్డ. ఏటేటా జాతరనాడు ఆ పుట్టింటి నుంచి చీర, గాజులు, పసుపు, ఒడిబియ్యం అంతా మూటగట్టి సారె తేవాల. ముందు ఎద్దులబండి మీద తెచ్చేవాళ్ళంట. ఎద్దులు పోయినాయి, మోటారుసైకిలు వచ్చింది, సారె మాత్రం ఎప్పటి మాదిరే వస్తా ఉండాది. తోలేది వంతు ఉండే ఇంటి మగోడు. వెనకాల కూర్చోని మూట ఒళ్ళో పెట్టుకునేది ఆ ఇంట్లో అందరికంటే పెద్ద ఆడమనిషి. ఇప్పుడు అసలు సంగతి వినండి. జాతరకు పది రోజుల ముందు, చాటింపు నాడు, పూజారి బండి హ్యాండిలుకు కంకణం కడతాడు. కంకణం కట్టిన బండే పోవాల, మార్చకూడదు. ఏటిగడ్డలో బయల్దేరినాక గుడికాడికి వచ్చేదాకా ఇంజను ఆగకూడదు. ఆగిందా, సారె తెచ్చే వంతు రెండో ఇంటికి పోతాది. మళ్ళా వాళ్ళ బండి ఆగేదాకా మనకు రాదు. గంగులప్పోళ్ళు మీదింటోళ్ళు, ఇప్పుడు వంతు వీళ్ళదే. రెండో ఇల్లు ఎవరిదంటే, కిందింటి సిద్దప్పది. ఈ సిద్దప్ప గంగులప్పకు బావ. వరస బావే గానీ, ఇద్దరూ ఎదురుపడితే ఒకరినొకరు దెప్పుకోకుండా దోవ విడిచింది లేదు.

మునెమ్మవ్వ ఆ ఇంటికి కోడలుగా వచ్చి యాభై నాలుగేళ్ళు. మొదట అత్త మోసింది సారె. ఆమె తొంభై ఏళ్ళు బతికిందనుకో. తర్వాత పెద్ద తోడికోడలు మోసింది, ఆమె కూడా తక్కువదేం కాదు, గట్టి మనిషి. పోయిన మాఘంలో ఆమె పోయింది. అంటే ఏందన్నమాట? ఈ తూరి మూట మునెమ్మవ్వ ఒళ్ళోకి వస్తాది. యాభై నాలుగేళ్ళు వాకిట్లో నిలబడి వేరేవాళ్ళ ఒళ్ళో మూట చూసిన మనిషి! బండి దోవలో ఆగిందంటే వంతు పోతాది, మళ్ళా వచ్చేదాకా ఆమె ఉంటాదో లేదో. అందుకు ఆ బండంటే ప్రాణం.

అప్పుడేమైందంటే, చాటింపు నాడు బండి కడిగినారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినారు, హ్యాండిలుకు పూలమాల వేసినారు, కంకణం కట్టినారు. అవ్వ అంతా చూస్తా నిలబడిందంట. చూసి చూసి ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. బండి కొన్నప్పుడు గంగులప్ప సీటు ఎత్తి చూపించినాడు: "అవ్వా, ఇది పాత బండి మాదిరి కాదు. ఈ నల్ల డబ్బా చూసినావా, ఇదే దీని బుర్ర. ఎంత పెట్రోలు పోవాల, ఎప్పుడు నిప్పు పుట్టాల, అన్నీ ఇదే చెప్తాది." అది గుర్తొచ్చింది. కాళ్ళకు పూజ చేసినారు, చేతులకు పూజ చేసినారు, బుర్రకు ఎవరన్నా చేసినారా? చేయలేదు! అంత పని చేసే బుర్ర వేడెక్కి ఉంటాది గదా, పాపం. అందరూ పోయినాక సీటు ఎత్తి, ఆ డబ్బాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి ఆ నీళ్ళు దాని మీద పోసిందంట, చలవ చేస్తాదని. ఎవరికీ చెప్పలేదు. మంచిపని చెప్పుకుంటే ఫలం పోతాదని ఆమె నమ్మకం.

మూడోనాడు బండి సంతకాడ టక్కుమని ఆగింది. మళ్ళా కొడితే పట్టుకుంది. అవ్వ అనుకుందంట, ఒక టెంకాయ చాల్లేదేమో అని. రెండోది పోసింది. ఆరోనాడు చెరుకుతోట కాడ రెండు తూర్లు ఆగింది. అయ్యో, బుర్రకు ఇంకా వేడి తగ్గలేదే అని మూడోది పోసింది. నవ్వాకండి, ఆమె జాగాలో మీరుంటే మీరూ పోసేవాళ్ళే. ఎనిమిదో నాడు, ఆదివారం పొద్దున, గంగులప్ప తాళం తిప్పి బటన్ నొక్కితే బండి కర్రుకర్రుమని తిరుగుతాది గానీ అంటుకోదు. హారన్ మోగుతాది, లైటు వెలుగుతాది, ఇంజను మాత్రం ఊహూ. మంగళవారం జాతర.

ఊరంతా చేరినారు. ప్లగ్గు పోయిందన్నాడొకడు. పెట్రోల్లో నీళ్ళు కలిసినాయన్నాడు ఇంకొకడు. దిష్టి తగిలిందని వాళ్ళ పక్కింటామె ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసింది. సిద్దప్ప కూడా వచ్చి, మీసం దువ్వుకుంటా, "ఏం బావా, నా బండి కడిగి పెట్టమంటావా?" అన్నాడంట. గంగులప్ప "నీ బండి కడిగితే తుప్పుతో పాటు బండీ పోతాది, ఉండనీలే" అన్నాడు. అవ్వ మాత్రం పోయి గడపలో కూర్చుంది. మొహం ఇంతై పోయింది.

అప్పుడు మెకానిక్కు దస్తగిరిని పిలిపించినారు. దస్తగిరి నిదానస్తుడు. వచ్చి, బండి చుట్టూ ఒక తూరి తిరిగి, "ముందు సులువైనవి చూద్దాం. కష్టమైనవి కడాకు. డబ్బా పోయిందని అందరికంటే ముందు అనేవాడు మెకానిక్కు కాదు" అన్నాడంట. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మీకు బండి లేకపోయినా పనికొస్తాది. బ్యాటరీకి మీటరు పెట్టి చూసినాడు, నిండుగా ఉండాది. ఫ్యూజు తీసి ఎండకు ఎత్తి పట్టి చూసినాడు, తీగ తెగలేదు. తాళం తిప్పి చెవి పెట్టి విన్నాడు. మామూలుగా ట్యాంకులో పంపు గుయ్యిమని రెండు క్షణాలు మోగాల. మోగలేదు. మీటర్లో ఇంజను బొమ్మ దీపం పసుపుపచ్చగా వెలిగి ఆరాల. వెలగనే లేదు. "ఆ దీపాన్ని వెలిగించేది బుర్రే, పంపును లేపేదీ బుర్రే. అయితే బుర్రకు కరెంటు రాకపోయినా ఇట్లనే ఉంటాది. ఏదో తేలుద్దాం" అని సీటు ఎత్తబోయి ఆగినాడు. ఏం చూసినాడంటే, చీమలు! స్టాండు మీదుగా ఒకటే బారు, సీటు కిందికి పోతా ఉండాయి. "గంగులా, పెట్రోలుకు చీమలు రావే. లోపల ఏం దాచినావు, మైసూరుపాకా?" అన్నాడు.

సీటు ఎత్తితే డబ్బా మీద పసుపు, కుంకుమ. డబ్బాకు పోయే తీగల గుత్తి ఊడదీస్తే లోపల పచ్చటి చిలుము, తెల్లటి పొడి, చీమలు. దస్తగిరి వేలితో తీసి వాసన చూసి, "టెంకాయ" అన్నాడు. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అవ్వ గడపలో నుంచి మెల్లగా లేచి వచ్చి, "నేనే పోసినా నాయనా. బుర్రకు చలవ చేస్తాదని. మూడు టెంకాయలు" అనిందంట. ఆ కండ్లల్లో నీళ్ళు చూసి ఎవరికీ నవ్వడానికి నోరు రాలేదు. దస్తగిరి ఒక్కడే, "మూడు టెంకాయల నీళ్ళు నా నెత్తిన పోస్తే నాకూ జలుబు చేస్తాదవ్వా, ఇదెంత" అన్నాడు. అంతే, ఏడుస్తానే అవ్వ నవ్వేసింది, అప్పుడు ఊరంతా నవ్వింది.

తీగల గుత్తికి టెస్టు బల్బు పెడితే కరెంటు బాగానే వస్తా ఉండాది. అంటే తీగలు మంచివే, డబ్బాదే తప్పు. "అయినా ఇంకొక మంచి డబ్బా పెట్టి చూస్తే గానీ నేను ఒప్పుకోను. ఇదే కంపెనీ, ఇదే మోడలు బండి ఊర్లో ఎవరికుండాది?" అన్నాడు దస్తగిరి. ఎవరికుంటాది? సిద్దప్పకు! అందరూ సిద్దప్ప వైపు తిరిగినారు. ఈ బండి లేవకపోతే వంతు ఆయనదే, చేతులు కట్టుకోని నిలబడితే చాలు. ఆయన గంగులప్పను చూసినాడు, అవ్వను చూసినాడు. తర్వాత గమ్మున పోయి తన బండి తోసుకోని వచ్చి, "ఊడబెరుక్కోండి. నడిచే బండి దోవలో ఆగితే గెలిచినట్టు. చచ్చిన బండి పక్కన నిలబడి గెలిచేదేంది, నా మొహం" అన్నాడంట.

దస్తగిరి బ్యాటరీ తీగ తీసి, గుత్తిలో ఒక్కొక్క పిన్నుకు స్ప్రే కొట్టి, పళ్ళు తోమే బ్రష్షుతో తోమినాడు. ఆ చిలుము వదిలేస్తే కొత్త డబ్బా కూడా వారంలో పోతాదని, గంట సేపు అదే పని. తర్వాత సిద్దప్ప డబ్బా పెట్టి తాళం తిప్పితే పంపు గుయ్యిమంది, దీపం వెలిగి ఆరింది. బటన్ నొక్కితే ఇంజను డుగ్గుమని లేచింది. గంగులప్ప ఎగిరి గంతేసినాడు. "నా బుర్ర పెట్టినాక తెలివి వచ్చింది చూడు" అన్నాడు సిద్దప్ప. "జాగ్రత్త గంగులా, అలవాటు కొద్దీ అది నేరుగా సిద్దప్ప అత్తగారింటికి తోలుకపోతాది" అన్నారు ఊరోళ్ళు. సిద్దప్ప జాతరకు కూడా అదే వాడుకోమన్నాడంట. అవ్వ ఒప్పుకోలేదు. "మీ ఇంటి బుర్రతో తెస్తే సగం సారె మీది అంటావు రేపు" అనింది. అప్పటికి మాట తిరిగి వచ్చిందనుకో అవ్వకు.

పాత డబ్బా మీదుండే నంబరు చెప్పి దస్తగిరి టౌనుకు ఫోను చేసినాడు. సోమవారం మధ్యాహ్నం బస్సులో కొత్తది దిగింది. నంబరు ఒకటికి రెండు తూర్లు కలిపి చూసి బిగించినాడు. "పది నిమిషాలు ఊరికే ఆడనీ, కొత్త బుర్ర పాత ఒంటికి అలవాటు పడాల" అని పక్కన కూర్చున్నాడు. అంతలో అవ్వ చేతిలో టెంకాయతో వచ్చింది! అందరూ "అవ్వా, అవ్వా!" అని అడ్డం పడినారు. "మీ అరుపులు ఆపండ్రా, ఇది దస్తగిరి తాగడానికి" అనిందంట.

అంతటితో అయిపోయిందా? కిందింటోళ్ళల్లో ఒక ముసలాయన లేచినాడు. బుర్ర మార్చినాక అది కంకణం కట్టిన బండే ఎట్లయితాదని. మాట న్యాయంగానే ఉండాది. పూజారి నంజప్ప పంచె పైకి ఎత్తి మోకాలి మీది కోత చూపించినాడు. "పోయినేడు నాకు ఆస్పత్రిలో మోకాలు మార్చినారు. నేను పూజారిని కానా?" "మోకాలు వేరు, బుర్ర వేరు" అన్నాడు ముసలాయన. "ఓరి నాయనా, చౌడమ్మ ముందుకు వచ్చేవాళ్ళల్లో బుర్ర నెట్టంగా, సరిగ్గా ఉండేదెంతమందికి? ఆయమ్మ ఎవర్నన్నా వెనక్కి పంపించిందా? కంకణం నేను కట్టింది హ్యాండిలుకు, హ్యాండిలు అదే" అన్నాడు నంజప్ప. ముసలాయన కూర్చున్నాడు.

మంగళవారం పొద్దున ఏటిగడ్డలో మూట అవ్వ ఒళ్ళో పెట్టినారు. గంగులప్ప తాళం తిప్పి, దీపం వెలిగి ఆరేదాకా కాచుకోని, బటన్ నొక్కినాడు. డప్పులు ముందర, జనం వెనకాల. సిద్దప్ప తన బండి మీద పక్కనే, ఎప్పుడు ఆగుతాదా అని చూస్తా. ఏట్లో మోకాలి లోతు నీళ్ళు. నడిమధ్యలో చక్రం గుండ్రాయి ఎక్కి జారింది, ఇంజను గొంతు ఆగిపోయేంతగా పడిపోయింది, అవ్వ మూటను రెండు చేతులా పట్టుకుంది. అప్పుడు "రేసియ్యి బావా, రేసియ్యి!" అని గట్టిగా అరిచింది ఎవరనుకుంటారు? సిద్దప్పే! నోట్లో నుంచి ముందు మాట వచ్చేసింది, తర్వాత నాలిక కరుచుకున్నాడు. గంగులప్ప యాక్సిలేటరు తిప్పి రేసిచ్చినాడు, బండి డుగ్గుమని గట్టెక్కింది.

గుడి వచ్చింది. పూజారి హారతి పట్టుకోని నిలబడినాడు, జనం ఈలలేస్తా ఉండారు. గంగులప్ప బ్రేకు మీద కాలు పెట్టినాడు. వెనకాల నుంచి వీపు మీద ఒకటి పడింది. "ఆపొద్దురా!" అనింది అవ్వ. "గుడి వచ్చింది గదవ్వా!" "వస్తే రానీ. యాభై నాలుగేళ్ళు కాచుకున్నా, ఇంత బిరీన దిగాల్నా? ఊరు చుట్టూ ఒక తూరి తిప్పు." తిప్పినాడు. మళ్ళా గుడికాడికి వస్తే, "ఇంకొకటి" అనిందంట. అట్ల మూడు తూర్లు. మూడో తూరికి పూజారి చేతిలో కర్పూరం ఆరిపోయింది, ఇంకొకటి ముట్టించినాడు. ఆ సంవత్సరం చౌడమ్మకు చీర కట్టేసరికి పొద్దు నెత్తి మీదికి వచ్చిందంట. ఆయమ్మ ఏమన్నా కోప్పడిందా అంటారా? ఆమె ఎందుకు కోప్పడతాదబ్బా. పుట్టింటి నుంచి సారె వస్తా ఉండాదంటే ఏ ఆడబిడ్డయినా వాకిట్లో కాచుకోని నిలబడాల్సిందే గదా.