పొద్దూకేదాక వెతకనీ

కోదాడలో శకుంతల ఇల్లు. మధ్యాహ్నం. వంటింటి తలుపుకు లోపలి నుంచి గడియ వేసి ఉంది. లోపల ఆమె, ఆమె అన్న కొడుకు వంశీధర్.

"మెల్లగ మాట్లాడత్తా. పక్కింటోళ్లు వింటరు."

"విననీ! నిన్నటిసంది సముద్రంల కలిసిండని ఏడుస్తున్న పిల్లగాడు దొడ్డి తలుపు కాడ నిలబడితే, నేను మెల్లగ మాట్లాడాల్నా? నా ఫోనిటియ్యి."

"ఇయ్య."

"వంశీ, ఆటలాడకు. మీ నాయినకు చెప్పాలె."

"చెప్దువు తియ్. పొద్దూకేదాక ఆగు."

"ఎందుకాగాలె? ఆడ మా అన్న ఒడ్డున ఇసుకల కూసున్నడు. మీ అమ్మ మిర్యాలగూడల మంచం మీదికెల్లి లేస్తలేదు. పిల్లగాడు బతికే ఉన్నడన్న ఒక్క మాట..."

"చెప్పొద్దంటలేనత్తా. పొద్దూకినంక చెప్దామంటున్న."

"ఏం, ముహూర్తం చూసుకుంటున్నవా?"

"అన్నం పెట్టత్తా."

"పెడ్త. కూసో. ఆ కాళ్లకేందిరా, ఆ గాట్లు?"

"ఆల్చిప్పలు. ఒడ్డెక్కేటప్పుడు కోసుకున్నయ్."

"పసుపు పెడ్త, ఆగు."

"వద్దు, మండుతది."

"మండుతదా! ట్రాక్టర్ ట్యూబులకు వెదురు బొంగులు కట్టుకుని, ఫోన్ల లైవ్ వీడియో పెట్టి సముద్రం మీద సవారి చేసినోనికి పసుపు మండుతదా? రైసుమిల్లోళ్ల ఇంట్ల పుట్టినవ్. నీకేం పుట్టిందిరా ఆ బుద్ధి?"

"కాల్వల చేస్తలేమా?"

"కాల్వ, సముద్రం ఒకటేనా?"

"ఒకటే అనుకున్నం. త్రిపురారం కాడ సాగర్ కాల్వల ట్యూబేసుకుని పండుకుంటే చాలు. కాళ్లు చేతులు కొట్టుకునే పనే లేదు, అదే కిందికి తీస్కపోతది. ముందుగాలనే కింది బ్రిడ్జి కాడ బండి పెట్టుకుంటం. ఆడ మెట్లు పట్టుకుని ఎక్కుతం, బండి మీద ఇంటికొస్తం. సముద్రం కాడ గూడ అట్లనే చేసినం. కింది ఊరి కాడ బండి పెట్టి, ఆటోల ఎనకకొచ్చి, నీళ్లల్లకు దిగినం. ఒడ్డెంబడే తీస్కపోతదనుకున్నం."

"తీస్కపోయిందా?"

"లోపటికి తీస్కపోయింది."

"మరి అరవొద్దా? చేతులూపొద్దా?"

"మొదలు తెల్వలే. నవ్వుకుంటనే ఉన్నం. కాల్వకు అటు దిక్కు గూడ ఒడ్డుంటదత్తా. దానికి అటు దిక్కు ఏం లేదు."

"సరే, సరే. ఏడ్వకు. ముద్ద నోట్ల పెట్టుకుని ఏడ్వొద్దు, పొలమారుతది. నీళ్లు తాగు. మరెట్ల బయట పడ్డవ్?"

"చీకటైనంక దుంకిన. లైట్లు కనబడ్డ దిక్కుకు ఈదిన."

"ట్యూబులు ఇడిసిపెట్టా? మునిగినయా అవి?"

"లేదు."

"మునగకుంటె ఎందుకు దుంకినవ్?"

"ఊకె కూసుంటె ఎట్లయితది? ఎవరన్న ఒడ్డుకు రావాలె గదా."

"ఎవరన్న ఏందిరా, ఎవరన్న? నీ తలకాయ! ఒడ్డుకొచ్చినోనివి పోలీసోళ్ల కాడికి పోవొద్దా? సార్, నేను బతికున్న అని చెప్పొద్దా?"

"చెప్దామనే పోయిన."

"పోయి?"

"తెల్లారేసరికే బోట్లు లోపటికి పోయినయ్. ఒడ్డున మస్తు మంది. ఒక బోటు తిరగబడ్డదని అరుస్తున్నరు. ఒకాయనను మోసుకొస్తున్నరు. చెయ్యి ఇట్ల వేలాడుతుంది. ఆడోళ్లు దుమ్మెత్తి పోస్తున్నరు. ఆ పోరడు దొరికితే సముద్రం చంపేది కాదు, మేమే చంపుతం అంటున్నరు. నేను తువ్వాల కప్పుకుని ఆళ్ల నడుమనే నిలబడ్డ."

"నిలబడి?"

"బోట్లు చూసిన. మంచిగ వెతుకుతున్నరు. ఇగ నేను చెప్పేదేముంది అనిపించింది."

"నువ్వు చెప్పేదేముందా! నేనిక్కడున్న, ఆ బోట్లు ఆపుర్రి అని చెప్పాలె. అంతకన్న ఏముంటది?"

"బస్సెక్కిన."

"బస్సెక్కినవ్. మంచి పని చేసినవ్. ఆ చెయ్యి వేలాడినాయన భుజం బొక్క ఇరిగిందంట, గుంటూరు దవాఖానల పడ్డడు. మీ నాయిన పొద్దున ఫోన్ల చెప్పిండు. ఆయన తమ్ముడే మల్ల ఇంకో బోటేసుకుని లోపటికి పోయిండంట. ఎవరి కోసం పోయిండు? నువ్వు ఆయనకేమైతవ్? మేనల్లుడివా, అల్లుడివా?"

"ఏం కాను."

"ఏం కావు. ఆళ్ల ఆడోళ్లు మీ నాయినను చుట్టుకున్నరంట. మీ పిల్లగాని సరదాకు మా మొగోళ్లను పంపాల్నా అని. మిల్లు కాడ నలుగురికి చెప్పే మనిషి, ఆడ అందరికి దండాలు పెట్టుకుంట తిరుగుతున్నడు. ఇటియ్యి ఫోను."

"అత్తా, నీ కాళ్లు మొక్కుత. పొద్దూకేదాక వెతకనీ."

"ఎందుకు వెతకాలె? దొరికినోన్ని ఎందుకు వెతకాలె?"

"పొద్దూకేదాకనే."

"ఇగ చూడు, నాకు కోపమొస్తది. టీవీల చెప్తున్నరు, సాయంత్రానికి గాలి పెరుగుతదంట."

"గాలా? ఎప్పుడు? ఎంత సేపట్ల?"

"ఇప్పుడడుగు! అలలు ఇంటెత్తు లేస్తయంట. బోట్లు లోపల ఉండొద్దంటున్నరు."

"ఇప్పుడెన్ని బోట్లున్నయ్ లోపట?"

"ఏం, తగ్గితే నీకు నామోషా?"

"చెప్పత్తా."

"నాకేం తెలుసు? మూడో, నాలుగో."

"నాలుగు చాలవు. హెలికాప్టర్ అడిగిండా నాయిన? అడగమను. పైకెల్లి అయితే కనబడ్తది."

"హెలికాప్టర్ గూడ కావాలె నీకు! మేళతాళాలు గూడ పెట్టమంటవా? ఒరే, నీకు ఫోన్ పిచ్చని తెలుసు గని, ఇంత పిచ్చని తెల్వదురా. ఎంత మంది చూస్తున్నరో అని లెక్కేసుకుంటున్నవా?"

"దాని కోసం కాదు."

"మరి దేని కోసం?"

"నీళ్లియ్యత్తా."

"నోట్ల ముద్ద లేదు గదా ఇప్పుడు. చెప్పు. మీ నాయిన కొడ్తడనా? కొట్టడు. ఇప్పుడు కొట్టే ఓపిక లేదు ఆయనకు. పోలీసు కేసనా? మీ మామ సూర్యాపేటకెల్లి రాంగనే ఎవరన్న వకీలుతోని మాట్లాడుతడు. ఇంకేంది నీ పరేషాను? నుదురు చూడనియ్యి. జరమొచ్చిందా?"

"మోగుతుందత్తా."

"మోగనీ, ఎత్తు."

"నాయిన."

"ఇటియ్యి."

"ఎత్తకత్తా! అత్తా, ఒక్క మాట విను..."

"చెయ్యి తియ్! అన్నా! ఆ, నేనే. ఏమంటున్నరు? ... గాలి లేసిందా? ... మల్ల ఒక్కసారి పోవాల్నా, ఆపాల్నా అని నిన్నడుగుతున్నరా? పోవద్దను అన్నా! పోయినోళ్లను గూడ ఎనకకు రమ్మను. నేను చెప్తున్న, విను. కూసున్నవా, నిలబడ్డవా? కూసో. పిల్లగాడు నా కాడ ఉన్నడు. ... అవును. మన వంశీనే. ఈడనే, నా వంటింట్ల. పొద్దుగాల బస్సెక్కి ఇప్పుడే వచ్చిండు. ... నా పిల్లల మీద ఒట్టన్నా, అబద్ధమెందుకు చెప్త? కాళ్లకు గాట్లు తప్ప ఏం లేదు. ... ఏడ్వకన్నా. అన్నా, ఏడ్వకు. ముందు ఆళ్లను పిలిపియ్యి, గాలి రాకముందే. ... ఇగో, ఇస్తున్న. మాట్లాడురా."

"నాయినా..."

"గట్టిగ మాట్లాడు, ఆడ గాలికి ఇనబడది."

"నాయినా, బోట్లు... నాయినా, బోట్లు ఆప... హలో? హలో?"

"పెట్టేసిండా? ఉరుకుతున్నడు గావచ్చు, ఆళ్లకు చెప్పెటందుకు. ఏడ్చుకుంటనే ఉరుకుతుండొచ్చు. అమ్మయ్య! నా గుండెల మీదికెల్లి బండ దిగినట్టైందిరా. ఆ తల్లులందరి ఉసురు మనకు తగలకుండ పోయింది."

"మల్ల చెయ్."

"వదినెకు చేస్త ఆగు ముందు."

"అమ్మకు వద్దు, నాయినకు చెయ్! అత్తా, జల్ది!"

"ఏమైందిరా? ఎందుకట్ల తలకాయ కొట్టుకుంటున్నవ్? ఆగు, కొట్టుకోకు! చేస్తున్న గదా. ... ఎత్తుతలేడు. ఆ మందిల ఇనబడదు."

"మల్ల చెయ్. ఆపొద్దని చెప్పు. ఒక్క బోటన్న లోపట ఉండాలె."

"మల్ల అదే పాట! నువ్వు నా కండ్ల ముంగట కూసున్నవ్. ఇగ ఆళ్లు ఎవరి కోసం వెతకాలెరా?"

"జీవన్ కోసం. మన మిల్లుల పనిచేసే లచ్చమ్మ కొడుకు. ఫోన్ పట్టుకుని నన్ను తీసింది వాడే, అందుకే వీడియోల ఎవలకు కనబడలే. ఇంట్ల గూడ చెప్పకుండ వచ్చిండు. లచ్చమ్మ కొడుకంటే ఎవలు బోటెయ్యరు, నా కోసమైతేనే పోతరని చెప్పలే. వాడింకా ఆ ట్యూబుల మీదనే ఉన్నడత్తా. ఈత రాదు వానికి. మనుషుల్ని తీస్కొస్త, నేనొచ్చేదాక కదలకుండ కూసో అని చెప్పొచ్చిన."