సుంకులమ్మ ఇచ్చిన రెండు మాటలు

సుంకులమ్మ నోరు తెరిస్తే సామెతేనంట. పిల్లోల్లని తిట్టినా సామెతే, కోడల్ని మెచ్చుకున్నా సామెతే. మా గుట్టకిందపల్లెలో అప్పట్లో ఒక కట్టడి ఉండె. ఏ పనికైనా మనసు అటా ఇటా ఊగిందనుకో, ఆమె గడపకాడికి పోయి ఆకూవక్కా పెట్టి మాట అడిగేటోల్లు. ఆమె మనిషిని కిందా మీదా చూసి ఒక సామెత ఇచ్చేది. ఆ మాట తప్పిందా, ఆమె ఇంట్లో ఇంక ఎవురూ సామెత పలకగూడదు. కత ఇంటా నగుతావేంది రామక్కా? నీ నోరు ఒక్క పూట కట్టేస్తే తెలుస్తాది! పక్క ఊర్లోల్లు కూడా బండ్లు కట్టుకోని వచ్చేటోల్లు. "మీకేం నాయనా, మీకు సుంకులమ్మ ఉండాది" అనేటోల్లు.

ఏమైందంటే, మద్దిలేటి, ఓబులేసు అని అన్నదమ్ములు ఉండిరి. పెద్దోడు మద్దిలేటి ఉత్త సోమరి, పొద్దు నెత్తికెక్కితేగానీ లేయడు. చిన్నోడు ఓబులేసు ఉత్త తొందరోడు, ఉడక్కముందే కుండ దించే రకం. ఇద్దరూ చెనిక్కాయ, అదే వేరుశనగ, ఏసినారు. ఎప్పుడు పెరకాల అని సుంకులమ్మవ్వకాడికి పోయినారు. మద్దిలేటిని చూసి అవ్వ "ఆలస్యం అమృతం విషం" అనిందంట. ఓబులేసును చూసి "నిదానమే ప్రధానం" అనిందంట. సరే అని దోవ పట్టినారు. దోవలో చిన్నోడు అంటాడు గదా, అన్నా, నీ మాటే బాగుండాది, అది నాకియ్యి, నాది నువ్వు తీసుకో అన్నాడంట. మద్దిలేటికి ఇంకేం కావాల? పడుకునేవానికి పరుపేసినట్టాయ. ఇద్దరూ మాటలు మార్చుకోని ఇండ్లకు పోయినారు.

ఇంగ చూడు. ఓబులేసు మరుసునాడే పెరికె, కాయంతా లొట్ట, లోపల గింజే లేదు. మద్దిలేటి పడుకోనే ఉండె, వానొచ్చె, కాయ భూమిలోనే మొలకెత్తిపాయ. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇద్దరూ పెద్దమనుషుల్ని ఎంటబెట్టుకోని అవ్వ ఇంటిమీదికి వచ్చినారు. ఓబులేసు ఎగిరెగిరి పడె. ఒకే పంటకి ఒకన్ని తొందరపడమంటివి, ఒకన్ని ఆగమంటివి, ఒక నోటితో రెండు మాట్లా? నీ మాట తప్పింది, ఇంగ మీ ఇంట్లో సామెత పలికితే ఒప్పుకోం అన్నాడు. పెద్దమనుషులు కూడా అవునని తలకాయలు ఊపిరంట. చేను పోతే ఇంకో చేను చేసుకోవచ్చు, మాట పోతే అవ్వకి ఇంకేముంది? వాళ్ళమ్మ ఆమెకి ఇచ్చిపోయిన ఆస్తి ఆ మాటలే గదా. అయినా బెదరలేదు. గడప దిగొచ్చి, "ఒరే ఓబులేసా, నీకు నేనిచ్చిన మాటేందిరా? నా కండ్లల్లోకి చూసి చెప్పు" అనింది. వాడు నేల చూసినాడు. మద్దిలేటి ఉండబట్టలేక, "మేం దోవలో మార్చుకున్నాం అవ్వా" అనేసినాడు.

అప్పుడు చూడాల ఆమెని! "పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా! సోమరోనికి తరిమే మాట ఇస్తి, తొందరోనికి ఆపే మాట ఇస్తి. అన్న చెప్పులు తమ్ముడు తొడుక్కోని కాలు కరిసినాయంటే, కుట్టినోన్ని కొడతారంట్రా? నా నోట్లో మాటలు రెండయితే, నా ముందర మనుషులూ ఇద్దరే గదరా!" అనింది. పెద్దమనుషులు లేచి నిలబడి దండం పెట్టినారంట.

ఆమె మా ఊరామె. చెప్పుకుంటాంటే ఇప్పటికీ నాకు రొమ్ము ఉప్పొంగుతాది. సామెతలదేముంది, ఇప్పుడు క్యాలెండర్ల మీద కూడా అచ్చేస్తాండారు. మనిషి మొగం చూసి చెప్పమను వాటిని, చూద్దాం.