బ్యాంకాక్ పార్కులో చేపలు నోరు తెరిచిన పూట

"అమ్మమ్మా, బ్యాంకాక్ పార్కులో తాతయ్య ఏదో గొడవ చేశారంట కదా? ఏంటది?"

ఎవరు చెప్పారే నీకు? మీ మావయ్యేనా? వాడి నోట్లో నువ్వుగింజ నానదు. సరే, మీ తాతయ్య నిజంగా నిద్రపోతున్నారో, నటిస్తున్నారో ముందు చూసి రా. ఆఁ, కూర్చో. నేను చెప్పానని మాత్రం అనకమ్మా.

నీకు తెలుసుగా, చేపల మేత కంపెనీవాళ్లు ఎక్కువ మేత కొన్న రైతుల్ని బ్యాంకాక్ తిప్పుతారు. సరిగ్గా ఆ ఏడే మన పెద్ద చెరువు పోయింది. మబ్బు పట్టి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి, తెల్లారేసరికి శీలావతి చేపలన్నీ తెల్లగా తేలిపోయాయి. చేప చచ్చినా మేత కొన్నది కొన్నదేగా! టిక్కెట్లొచ్చాయి. నవ్వకే. నవ్వాలో ఏడవాలో మాకూ తెలీలేదు.

అప్పట్నించీ మీ తాతయ్య మునుపటి మనిషి కాదమ్మా. చేప ముట్టడం మానేశారు. కొల్లేరు ఒడ్డున పుట్టిన మనిషి చేప మానేయడం ఏంటి, చెప్పు? ముద్దపప్పు తిని గోడకేసి చూస్తూ కూచునేవారు. ఇక చెరువులు చెయ్యను, లీజుకిచ్చేస్తానని ఉండి ఊరివాళ్లెవరికో మాట కూడా ఇచ్చేశారు. చెరువులు పోతాయని కాదే నా బాధ. చెరువు గట్టు దిగేస్తే ఈయనే నాకు దక్కరేమోనని. అదీ నా భయం.

ఆ ప్రయాణమూ వద్దన్నారు. నేనే పట్టుబట్టి, నేనూ వస్తానన్నాను. ఆయ్, బ్యాంకాక్‌కి పెళ్లాల్ని ఎవరు తీసుకెళ్తారే? గుండుగొలను దగ్గర బస్సెక్కేసరికి ఆ మగాళ్ల ముఖాలు చూడాలి! పెళ్లిభోజనానికొచ్చి వడ్డన అయిపోయిందని విన్నట్టు పెట్టారు. "పిన్నిగారూ, మీరూ వస్తున్నారాండీ?" అన్నాడొకడు. "అవునండీ, మీ ఆవిడే మిమ్మల్ని ఓ కంట కనిపెడుతుండమంది" అన్నాను. పాపం, లేచెళ్లి వెనక సీట్లో కూచున్నాడు.

మర్నాడు పొద్దున్న వాళ్లంతా ఇంకా పడుకునే ఉన్నారు. ముందురోజు ఎక్కడ తిరిగారో నేనడగలేదు, వాళ్లు చెప్పలేదు. మేమిద్దరం హోటలు పక్కనున్న పార్కుకి నడిచెళ్లాం. ఎంత పార్కనుకున్నావ్! నడుమ పెద్ద చెరువు. మా పెళ్లయిన కొత్తలో ఈయన నన్ను ఏలూరు తీసుకెళ్లి, పావలా గోలీసోడా ఇద్దరికీ కలిపి ఒకటే కొన్నారు. అదీ సగం పైన ఆయనే తాగేశారు. అలాంటి మనిషి పక్కన పార్కులో షికారు! సిగ్గేసిందనుకో. అక్కడ ఉడుములు కూడా తిరుగుతాయమ్మా, ఇంతింతవి, మన వీధికుక్కల్లాగా మనుషుల మధ్యే. ఆఁ, ఎక్కడున్నాను? చెరువు దగ్గర.

గట్టున నిలబడ్డామో లేదో, చేపలన్నీ పైకొచ్చేశాయి. ఇంతలేసి నోళ్లు తెరుచుకుని, కుప్పలు కుప్పలుగా. మీ తాతయ్య ముఖం పాలిపోయింది. మన దగ్గర మేత ఎలా పెడతాం? సంచులకి చిల్లులు పెట్టి, చెరువు మధ్యలో తాళ్లకి కడతాం. చేప ఆ సంచి దగ్గరికి పోతుంది గానీ గట్టు మీది మనిషి దగ్గరికి వస్తుందా? పొద్దున్నే పైకొచ్చి నోరు తెరిచిందంటే ఊపిరాడకే కదా. "ఆక్సిజన్ పడిపోయిందే! చచ్చిపోతాయే!" అని ఒకటే కేకలు. కాపలా అతన్ని పట్టుకుని తెలుగులోనే దులిపేశారు. "ఏవండీ, నీళ్లు చిలికే ఏరేటర్లు వెయ్యరేంటండీ? ఎవరండీ మీ ఓనరు?" అని. అతను వంగి దండం పెట్టాడు. మీ తాతయ్యా దండం పెట్టారు. పెట్టి మళ్లీ తిట్టారు.

అక్కడ హంస బొమ్మ పడవలున్నాయి, కాళ్లతో తొక్కేవి. నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి అందులో కూలేశారు. "తొక్కవే! నీళ్లు తిరగాలి, గాలెక్కాలి!" డెబ్బై ఏళ్లదాన్ని, కుచ్చిళ్లు ఎగదోపి... తొక్కాను మరి. నాకు ఆపాటికే అనుమానం వచ్చిందిలే. గట్టు మీద ఒకావిడ రొట్టెముక్కల సంచి విప్పుతోంది. అయినా చెప్పలేదు. ఎందుకు చెప్తాను? ఆ కళ్లల్లో వెలుగు చూసి ఎన్నాళ్లయిందో! "ఇటు తిప్పు, ఆ మూల ఇంకా కదల్లేదు" అంటూ ఆయన ఆర్డర్లు వేయడం, మా వెనకాల చేపల ఊరేగింపూను.

అంతలో ఆవిడ రొట్టె విసిరింది. ఎగబడిపోయాయి చేపలు, ఒకదాని మీద ఒకటి. మీ తాతయ్య కాళ్లు ఆగిపోయాయి. ఊపిరాడని చేప మేత ముట్టదు, ఆ సంగతి ఆయనకి వేరే చెప్పాలా? నా వంక చూశారు. "నీకు ముందే తెలుసా?" అన్నారు. "కాళ్లకి మంచిదని ఊరుకున్నానండీ" అన్నాను. ఇక చూడు, పడవ ఊగిపోయేలా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. నేను చూడనట్టు అటు తిరిగి కూచున్నాను.

అంత తొక్కాక ఆకలెయ్యదూ? గేటు బయట అన్నీ తిండి బళ్లే. తియ్యటి అన్నం మీద కొబ్బరిపాలు పోసి, పక్కన మామిడిపండు ముక్కలు పెట్టిచ్చిందొకమ్మాయి. ఇదేం చోద్యం అనుకుంటూనే వేళ్లు నాకాను. ఇంకొకావిడ పచ్చిబొప్పాయి రోట్లో దంచి ఇస్తూ, కారం జాగ్రత్తని సైగ చేసింది. మాకా కారం సంగతి చెప్పేది అని గుప్పెడు వేసుకున్నానా... అమ్మో, ముక్కూ కళ్లూ ఏకమయ్యాయి! అయినా మన పరువు పోకూడదని నవ్వుతూనే నిలబడ్డాను.

ఆ పక్క బండి మీద చేపలు. ఒళ్లంతా ఉప్పు పట్టించి, కడుపులో ఏదో గడ్డి కూరి, నిప్పుల మీద కాలుస్తున్నారు. నాకోసమే అన్నట్టు ఒకటి కొన్నాను. తోలు ఒలిచి, పళ్లెం కాస్త ఆయన వైపు జరిపి, నేను మాత్రం రోడ్డుకేసి చూస్తూ కూచున్నాను. కాసేపటికి మెల్లిగా చెయ్యొచ్చింది. చిన్న ముక్క. నమిలారు. ఇంకో ముక్క. ముఖం చిట్లించారు.

"మట్టి వాసనే. చెరువు ఎండబెట్టకుండానే నీళ్లు పెట్టేసినట్టున్నారు. మనం ఈసారి అడుగు బాగా ఎండనిచ్చి, దున్ని, సున్నం చల్లి అప్పుడు పెడదాం" అన్నారు.

ఈసారి అన్నారమ్మా! ఆయనకి తెలీకుండానే అనేశారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. "ఏంటే, నీకూ మట్టి వాసన కొట్టిందా?" అన్నారు. "అవునండీ, భరించలేకపోతున్నాను" అన్నాను. ఏ వాసనా లేదే, చేప ఎంత కమ్మగా ఉందనుకున్నావ్! ఇంకోటి తెప్పించి పెట్టాను. మనసు మారకముందే, లీజుకడిగిన ఆ ఉండి వాళ్లకి అక్కణ్ణించే ఫోన్ కూడా చేయించాను, ఇవ్వటంలేదండీ అని.

ఎంత పోయినా "ఈసారి" అంటూ లేచే మనిషి దొరకాలమ్మా నీకు. అతను ఆ మాట అన్నప్పుడు విననట్టు ఊరుకునే తెలివి నీకూ ఉండాలి. చల్లగా ఉండు తల్లీ.